రేవువీధి తురకాయన

నగ్మా స్పానిష్ ఇష్టపడి నేర్చుకోలేదు. హైదరాబాదులో విదేశీ భాషల డిగ్రీకి దరఖాస్తు పెట్టినప్పుడు ఫ్రెంచిలో సీట్లు అయిపోయాయి, స్పానిష్‌లో మిగిలాయి. తెనాలిలో నీటి మోటార్లకు వైండింగ్ చేసే షేక్ బాజీ కూతురు స్పానిష్ చదువుతోందని తెలిసి, చుట్టాలు అది ఏ దేశం భాష అని అడిగేవాళ్లు. బాజీకీ సరిగ్గా తెలియదు. "చాలా దేశాలదంట" అని చెప్పేవాడు. అంతకంటే మంచి జవాబు యూనివర్సిటీలో ప్రొఫెసర్లు కూడా చెప్పలేదని నగ్మాకి తర్వాత్తర్వాత గాని అర్థం కాలేదు.

చదువయ్యాక ఆమెకి ఫోన్ల ఉద్యోగం దొరికింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు చెడిపోయిన దక్షిణ అమెరికా వాళ్లు ఫోన్ చేస్తే వాళ్ల భాషలో సర్దిచెప్పి పంపడం ఆమె పని. తల్లి మున్నీ బీకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు నగ్మా ఆ ఉద్యోగాన్ని తెనాలి ఇంటికే తెచ్చుకుంది. ముందుగదిలో కంప్యూటరు, చెవులకి హెడ్‌ఫోన్లు, పక్కగదిలో అమ్మ.

ఒకరోజు ఈక్వెడార్ నుంచి ఒకావిడ ఫ్రిజ్ గురించి ఫోన్ చేసింది. ఆవిడ నంబరు కంప్యూటర్లో దొరకడానికి ఆలస్యమైంది. ఈలోగా ఆవిడ వరికోతల ఎండ గురించి వాపోయింది. నగ్మా నోరు జారి, "మాదీ వరి పండే ఊరేనండి" అంది. ఆవిడ ఫ్రిజ్ సంగతి మరిచిపోయి అడగడం మొదలుపెట్టింది. మీ నది పేరేంటి, సముద్రం ఎంత దూరం, ఏడాదికి ఎన్ని పంటలు. పెట్టేసే ముందు, "మా వరి ఊళ్ల మీద ఒక నవల ఉంది. ఎస్తేలా సమూర్ రాసింది. చదువు, నీకు నచ్చుతుంది" అని చెప్పింది. ఆ ఫ్రిజ్ బాగయిందో లేదో నగ్మాకి తెలియదు. నవల మాత్రం ఆ వారంలోనే తెప్పించుకుంది.

నవలలో, గ్వయాకిల్ రేవుకి ఎగువన నది ఒడ్డున ఒక వడ్ల మిల్లుల ఊరు. ఆ ఊరికి లెబనాన్ కొండల నుంచి యూసుఫ్ అనే కుర్రవాడు ఓడెక్కి వస్తాడు. రేవులో గుమాస్తాకి ఆ పేరు నోరు తిరగక ఖోసే అని రాసుకుంటాడు. అప్పట్లో లెబనాన్ టర్కీ సుల్తాను ఏలుబడిలో ఉండేది. యూసుఫ్ చేతిలో ఉన్నవి సుల్తాను ముద్ర వేసిన కాగితాలు. దాంతో ఊరంతా అతన్ని 'తుర్కో' అంది. అతను టర్కీవాడూ కాదు, ముస్లిమూ కాదు, చర్చికి వెళ్లేవాడు. అయినా చచ్చేదాకా తుర్కోగానే ఉన్నాడు. పడవ మీద ఊరూరూ తిరిగి గుడ్డలమ్మి, చివరికి రేవువీధిలో కొట్టు పెట్టి, ఆ ఊరి పిల్లనే చేసుకుని, ఆ మట్టిలోనే కలిసిపోయాడు. రాసినావిడ అతని మనవరాలు.

నగ్మా ఆ నవల ముగించి, దాన్ని తెలుగులోకి తెచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండునని వెతికింది. ఎవరూ లేరు. తనే మొదలుపెట్టింది.

రాసింది చదివి పెట్టే మనిషి ఒకరు కావాలి. ఇంటర్‌లో ఆమెకి తెలుగు చెప్పిన ఝాన్సీలక్ష్మి మేడం రిటైరై రేపల్లెలో ఉంటోంది. మేడంవాళ్లది నగరం అనే ఊరి దగ్గర పొలాలున్న కుటుంబం. నవలలు చదవడం తప్ప వేరే వ్యసనం లేదని ఆమే నవ్వుతూ చెప్పుకునేది. నగ్మా ఫోన్ చేసి సంగతి చెబితే, "ఆదివారం రా. కాగితాల మీద తీసుకురా, ఫోన్లో చదవలేను" అంది.

అలా దాదాపు ఏడాదిపాటు ఆదివారాలు తెనాలి నుంచి రేపల్లె పాసింజరు ఎక్కేది. మేడం ఇల్లు రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో మేడమీద. ఆవిడ కాగితాలు అందుకుని పైకి చదివేది. చదువుతూ నాలుక తడబడిన చోటల్లా ఆగేది. ఏమీ అనేది కాదు, మళ్లీ చదివేది. రెండోసారి కూడా తడబడితే ఆ వాక్యంలో ఏదో లోపం ఉన్నట్టే. నగ్మా అక్కడ గీత పెట్టుకునేది. తెలుగులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నగ్మాకి తెలిసింది అక్కడే.

ఒక ఆదివారం మేడం ఒకే పేజీ దగ్గర మూడోసారి కూడా ఆగింది.

"ఈ టర్కీవాడు అనే మాట ఉంది చూడు."

"ఉందండి."

"వీధిలో పిల్లలు ఇతన్ని టర్కీవాడా, టర్కీవాడా అంటూ వెంటపడితే, ఇతను తలుపేసుకుని ఏడ్చాడని రాశావు. జపాన్‌వాడా అంటే ఎవరైనా ఏడుస్తారా? వాళ్ల భాషలో ఆ మాటకి ముల్లు ఉండి ఉండాలి. నీ తెలుగులో ఆ ముల్లు రాలేదు."

"అలాంటి మాట తెలుగులో ఉందండి."

"ఏంటది?"

నగ్మా ఆ మాట తను అనలేదు. "వాళ్లు తుర్కో అంటారు మేడం. ఒకసారి మీరే అనుకోండి."

ఝాన్సీలక్ష్మి ఆ మాటని పెదాల మీదే అనుకుంది. ఇంకోసారి అనుకుంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రెండూ ఒకటేనా?"

"ఒకే మాటండి. అటు వాళ్లకి వెళ్లింది, ఇటు మనకి వచ్చింది."

కింద రోడ్డు మీద ఆటోలు వెళుతున్నాయి. మేడం ఆ పేజీ మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ మాటే రాయమని చెబుతుందేమో అనుకుంది నగ్మా. వద్దంటుందేమో అని కూడా అనుకుంది. మేడం రెండూ అనలేదు.

"నువ్వు రాయగలవా ఆ మాట?" అని అడిగింది. అంతే అడిగింది.

తిరుగు రైల్లో నగ్మాకి ఆ మాట చుట్టూ ఉన్నవన్నీ గుర్తొచ్చాయి. వాళ్ల వీధిలో పాలు పోసే ముసలావిడ 'తురకల పిల్లా, గిన్నె తీసుకురావే' అని ప్రేమగానే పిలిచేది. బళ్లో వెనక బెంచీ నుంచి అదే మాట వచ్చినప్పుడు వీపు మీద రాయి తగిలినట్టుండేది. అద్దె ఇల్లు వెతుక్కునే రోజుల్లో తలుపు చాటున అదే మాట గుసగుసగా వినపడేది. ఒకటే మాట. అనే గొంతుని బట్టి దాని బరువు మారేది. నవలలో జరిగిందీ అదే. మొదటి పేజీల్లో ఊరివాళ్లు తుర్కో అంటే తిట్టు. చివరి పేజీల్లో 'తుర్కో కొట్టుకెళ్లి అడుగు, ఆయన లేదనడు' అంటారు. స్పానిష్‌లో మాట అదే, ఏమీ మారలేదు.

తెలుగులో అలా కుదరదు. తురకోడు అనాలి, లేదా తురకాయన అనాలి. రెంటికీ మధ్యలో నిలబడే వీల్లేదు. భట్టిప్రోలు దాటాక నగ్మాకి హఠాత్తుగా తోచింది. మధ్యలో నిలబడక్కర్లేదు. నవల సగం వరకు తురకోడు అని రాస్తుంది. ఊళ్లో కలరా వచ్చిన అధ్యాయంలో యూసుఫ్ తన కొట్లోని తెల్లగుడ్డంతా చించి శవాలకి ఇచ్చేస్తాడు. ఆ మర్నాడు పొద్దున్న రేవులో పడవవాడు మొదటిసారి తురకాయన అంటాడు. అప్పటినుంచి పుస్తకం చివరిదాకా తురకాయనే.

ఆ ఒక్క తలుపు తెరుచుకోగానే రెండోది కూడా తెరుచుకుంది. యూసుఫ్ స్పానిష్ వంకరటింకరది. నగ్మా అంతవరకూ అతనితో శుభ్రమైన తెలుగు మాట్లాడించింది. ఇప్పుడు ఆమెకి తన తాత గొంతు వినిపించింది. బాజీ తండ్రి సైకిలు మీద దుప్పట్లు కట్టుకుని రేపల్లె చుట్టుపక్కల పల్లెలు తిరిగి అమ్మినవాడు. ఉర్దూ కాళ్ల మీద నడిచే తెలుగు ఆయనది. ప్రతి వాక్యం చివరా ఒక 'ఉంది' పడాల్సిందే. 'అమ్మా, ఈ దుప్పటి మంచిది ఉంది. వద్దు అంటే కూడా నాకి కోపం లేదు ఉంది.' ఆడవాళ్లు ఆ మాటలు వినడానికే ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లట. నగ్మా యూసుఫ్‌కి ఆ తెలుగు ఇచ్చేసింది. ఇచ్చాక అతను కాగితం మీద లేచి నడిచాడు.

విజయవాడ ప్రచురణకర్త గౌతమ్ ఆమె పంపిన అనువాదమంతా చదివి ఫోన్ చేశాడు. అతను మంచి పుస్తకాలు వేస్తాడని పేరున్న మనిషి. ఎవరినీ నొప్పించేలా మాట్లాడడు.

"నగ్మాగారూ, అనువాదం చాలా బాగుందండి. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఆ మాట. పేరులోనే ఉంది. 'రేవువీధి తురకాయన' అని అట్ట మీద వేస్తే మీవాళ్లకీ కోపం రావచ్చు, మావాళ్లలో కొందరు వెటకారం చెయ్యొచ్చు. దేనికండి మనకి?"

"రెండోదేంటండి?"

"ఆ ముసలాయన భాష. పాఠకుడు లాటిన్ అమెరికా కోసం పుస్తకం కొంటాడండి. కొండలు, అడవులు, ఏదో మాయ కోరుకుంటాడు. ఇది చదువుతుంటే నాకు తెనాలి మార్కెట్టు గుర్తొస్తోంది. టర్కీవాడు అనేసి, ఆయన చేత మామూలు తెలుగు మాట్లాడిస్తే సరిపోతుంది. ఆలోచించండి."

నగ్మా ఆలోచించింది. గౌతమ్ చెప్పింది తప్పని తేల్చి చెప్పలేకపోయింది. అతను వెయ్యనంటే ఈ పుస్తకం వేసేవాళ్లు ఇంకెవరూ లేరు. చివరికి ఎస్తేలా సమూర్‌కి మెయిల్ రాసింది. ఈ మాట వెనక ఉన్న సంగతంతా విడమరిచి, 'టర్కీవాడు అని మార్చమంటే మారుస్తాను' అని అడిగింది.

జవాబు ఫోన్లో వచ్చింది. డెబ్బై దాటిన గొంతు, నిదానంగా. డిసెంబరులో హైదరాబాదులో రచయితల సభకి వస్తున్నానని, అది అవగానే తెనాలి వస్తానని చెప్పింది. "నేను చెవులారా వినేదాకా ఒక్క మాట కూడా మార్చకు."

ఆవిడ నిజంగానే వచ్చింది. తెల్లటి పొట్టి జుట్టు, చేతికర్ర, భుజానికి గుడ్డసంచి. తెనాలి స్టేషన్లో బాజీ కూతురితో కలిసి ఎదురెళ్లాడు. ఎస్తేలా అనే పేరు ఒకటికి రెండుసార్లు అడిగి, "అంటే మన స్టెల్లా అన్నమాట" అని తేల్చుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆవిడ ఆ ఇంట్లో స్టెల్లమ్మ అయిపోయింది. నగ్మా సిగ్గుపడుతూ ఆ సంగతి చెబితే ఆవిడ నవ్వింది. "మా తాత పేరు రేవులో మార్చారు. నాది స్టేషన్లో మార్చారు. వీళ్లు ముద్దుగా మార్చారు, పరవాలేదు."

భోజనాలయ్యాక ఆవిడ ముందుగదిలో కూర్చుని, "ఇప్పుడు చదువు" అంది. ఏ భాగమని నగ్మా అడిగింది. గుమాస్తా భాగమని చెప్పింది ఆవిడ.

అది యూసుఫ్ ముసలితనంలో జరిగేది. ఊరి కచేరీలో గుర్తింపు కాగితం కోసం వెళితే గుమాస్తా అతని దేశం అడుగుతాడు. నగ్మా చదవడం మొదలుపెట్టింది. మున్నీ బీ మంచం మీద దిండుకి ఆనుకుని వింటోంది. బాజీ గడప దగ్గర కుర్చీలో ఉన్నాడు.

'నీది ఏ దేశమోయ్?' అన్నాడు గుమాస్తా.

'అయ్యా, నేను ఓడ ఎక్కినప్పుడు ఒక దేశం ఉంది. ఇప్పుడు అది లేదు ఉంది. నేను మాత్రం ఉన్నాను ఉంది.'

బాజీ ఒక్కసారిగా నవ్వాడు. ఆపుకోలేక భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "మా నాన్నే," అన్నాడు. "అచ్చం మా నాన్న మాట్లాడినట్టే ఉంది." అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. నవ్వి తుడుచుకున్నాడో, ఇంకెందుకు తుడుచుకున్నాడో నగ్మా పరికించి చూడలేదు.

ఎస్తేలాకి ఒక్క తెలుగు ముక్క రాదు. ఆవిడ కాగితాన్ని చూడలేదు, బాజీ ముఖాన్నే చూస్తోంది. ఏ వాక్యం దగ్గర నవ్వాడో నగ్మా చెప్పింది.

"మా నాన్న కూడా సరిగ్గా అక్కడే నవ్వాడు," అంది నెమ్మదిగా. "నేను మొదటిసారి చదివి వినిపించినప్పుడు. నవ్వి, లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు."

తర్వాత నగ్మా తురకోడు, తురకాయన సంగతి వివరించింది. పడవవాడు మాట మార్చే చోటు చూపించింది. ఎస్తేలా ఆ రెండు మాటల్నీ పలకడానికి ప్రయత్నించింది. 'డు' దగ్గర నాలుక మొరాయించింది. 'ఆయన' మాత్రం బాగా వచ్చింది. చాలాసార్లు అనుకుంది.

"నా భాష నాకు ఈ సాయం చెయ్యలేదు. ఆ పొద్దున్న ఊరు మారిందని చెప్పడానికి నేను రెండు పేజీల వర్ణన రాశాను. మీ భాష ఒక్క తోకతో చెప్పేసింది. నువ్వు నన్ను అనుమతి అడిగావు, కదా? నేనే నీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి."

నగ్మా టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్లింది.

మర్నాడు కారులో రేపల్లె వెళ్లి ఝాన్సీలక్ష్మిని ఎక్కించుకున్నారు. సాయంత్రం బాపట్లలో ఎస్తేలాతో సాహిత్య సభ. దారిలో నగరం దగ్గర మేడంవాళ్ల చేలో ఆగారు. కోతమెషీను అప్పుడే ఒక మడి ముగించి రెండో మడిలోకి దిగుతోంది. దాని వెనక తెల్లకొంగలు బారుగా నడుస్తున్నాయి. ఎస్తేలా గట్టు మీద కర్ర ఊనుకుని చాలాసేపు నిలబడింది.

ఝాన్సీలక్ష్మి నగ్మాతో, "అడుగు, అచ్చం వాళ్ల ఊరిలాగే ఉందా అని" అంది.

నగ్మా అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"కొంగలు అవే. వడ్ల వాసన అదే. కానీ ఇది మా ఊరు కాదు. ఒకటేనని చెబితే మీరు సంతోషిస్తారు, కానీ అబద్ధమవుతుంది. మా ఊరే అయితే ఇంత దూరం రావడం దేనికి?" ఝాన్సీలక్ష్మి వైపు చూసి మళ్లీ అంది. "ఈవిడ నా పుస్తకాన్ని ఏడాదిపాటు పైకి చదివారని చెప్పావు. నా దేశంలో కూడా నా కోసం ఎవరూ అలా చదవలేదు. ఆ మాట ఈవిడకి చెప్పు."

నగ్మా తెలుగులో చెప్పింది. ఝాన్సీలక్ష్మి చేతులు జోడించబోయి, అది సరిపోదనుకుందో ఏమో, ఎస్తేలా చెయ్యి పట్టుకుంది. గట్టు దిగేదాకా వదల్లేదు.

బాపట్ల సభ పెద్దదేమీ కాదు. అక్కడి సాహిత్య మిత్రులు ఒక చిన్న హాలు మాట్లాడారు. వ్యవసాయ కాలేజీ విద్యార్థులు కొందరు, టీచర్లు, పొలం పని ముగించుకుని వచ్చిన వాళ్లు ఇద్దరు ముగ్గురు. వెనక వరసలో గౌతమ్ ఉన్నాడు. నగ్మా అతన్ని చూసి పలకరింపుగా తలూపింది.

గుమాస్తా భాగాన్ని ఝాన్సీలక్ష్మి చదివింది. నలభయ్యేళ్లు పాఠాలు చెప్పిన గొంతు అది. 'అది లేదు ఉంది' దగ్గర హాల్లో నవ్వులు మొదలయ్యాయి. 'నేను మాత్రం ఉన్నాను ఉంది' దగ్గర సగం మంది నవ్వారు, సగం మంది ఆగిపోయారు. ఆ తర్వాత గుమాస్తా విసుక్కుని మళ్లీ అడుగుతాడు, ఏదో ఒక దేశం చెప్పి చావమని. యూసుఫ్ అంటాడు: 'రేవువీధి అని రాయండి అయ్యా. నా ముగ్గురు పిల్లలు అక్కడ పుట్టాడు. ఒక పిల్ల అక్కడే మట్టిలో ఉంది.' అప్పుడు ఎవరూ నవ్వలేదు.

చదవడం అయ్యాక శ్రీనివాసరావు అనే రిటైరైన వ్యవసాయ శాస్త్రవేత్త లేచాడు. మర్యాదగా, సూటిగా అడిగాడు.

"అమ్మా, నాకొక సందేహం. ఈక్వెడార్ అంటే మేము అగ్నిపర్వతాలు, ఆండీస్ కొండలు అనుకుంటాం. మీరు చెప్పిన కథలో లెబనాన్ మనిషి, టర్కీ పేరు, వరిచేలు ఉన్నాయి. ఇందులో మీ దేశం ఎక్కడుందండి?"

నగ్మా అది స్పానిష్‌లో చెప్పగానే ఎస్తేలా నవ్వింది.

"ఈ ప్రశ్న నన్ను మా దేశంలోనే ముందు అడిగారు. ఇది జాతీయ నవల కాదని పత్రికల్లో రాశారు. నేను లెబనాన్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు నువ్వు మా మనిషివి కాదన్నారు. కొంతకాలం బాధపడ్డాను. తర్వాత మా ఊరెళ్లి రేవులో నిలబడి చూశాను. మా ఊరి నుంచి కొండలు కనపడవండి. నది కనపడుతుంది. ఆ నదిలో మా తాత పడవ వేసుకుని గుడ్డలమ్మాడు. కొండలు రాసినవాళ్లు కొండల దగ్గర పుట్టారు, అదీ నా దేశమే. నదీ నా దేశమే. మా తాతని తీసేస్తే ఆ దేశంలో ఒక మనిషి తక్కువ పడతాడు. నేను ఆయన్ని తిరిగి లెక్కలోకి తెచ్చాను, అంతే."

శ్రీనివాసరావు తలపంకించి కూర్చున్నాడు. కూర్చున్నాక పక్కాయనతో ఏదో అని మళ్లీ తలపంకించాడు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, "నాది ఈ అమ్మాయికి ప్రశ్న," అంది. "ఏమీ అనుకోకమ్మా. మీ ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది నీకు?"

ఈ ప్రశ్న నగ్మాని పుట్టినప్పటినుంచి వెంబడిస్తూనే ఉంది. బళ్లో, రైళ్లలో, పెళ్లిళ్లలో. అడిగినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ప్రతిసారీ ఆమె నవ్వి, ఏదో మెప్పు అందుకున్నట్టు థాంక్యూ చెప్పేది. ఈసారి ఆమెకి కోపం రాలేదు, సిగ్గూ వెయ్యలేదు.

"మీకెలా వచ్చిందో నాకూ అలాగే వచ్చిందండి. తెనాలిలో పుట్టాను," అంది. "సగం వీధిలో నేర్చుకున్నాను, సగం ఇదిగో, ఈ మేడం దగ్గర."

పెద్దావిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మనస్ఫూర్తిగా నవ్వింది. "నిజమే తల్లీ. అడగాల్సిన ప్రశ్న కాదు." హాలు చప్పట్లు కొట్టింది. ఝాన్సీలక్ష్మి మాత్రం కొట్టలేదు. ఆమె కిందికి చూస్తూ కళ్లజోడు పదేపదే తుడుచుకుంటోంది.

సభ ముగిశాక గౌతమ్ దగ్గరికొచ్చాడు. ఎస్తేలాకి నమస్కారం పెట్టి, నగ్మాని కాస్త పక్కకి పిలిచాడు.

"ఆ ముసలాయన భాషని అలాగే ఉంచుదామండి. పేరు కూడా."

"మీ పాఠకులు..."

"ఇప్పుడు విన్నది పాఠకులేగా. నేను వీళ్ల తరఫున ముందే భయపడిపోయాను." వెంటనే, "ఒక్కటి మాత్రం ఒప్పుకోండి. కలరా అధ్యాయం ముందు రెండు పేజీలు బరువుగా ఉన్నాయి. అక్కడ మళ్లీ కూర్చుందాం" అన్నాడు.

నగ్మా ఒప్పుకుంది. అతను చెప్పిన రెండు పేజీలు నిజంగానే బరువుగా ఉన్నాయి. ఆ తర్వాత ఇద్దరూ విజయవాడలో కూర్చుని వాటిని విప్పి మళ్లీ అల్లారు. గౌతమ్ చెవి ఎంత మంచిదో నగ్మాకి అప్పుడు తెలిసింది.

పుస్తకం ఎండలు ముదిరే వేళకి వచ్చింది. నగ్మా మొదటి ప్రతి రేపల్లె తీసుకెళ్లింది. 'అక్షరం అక్షరం చదివి వినిపించిన ఝాన్సీలక్ష్మిగారికి' అని ముందు పేజీలో ఉంది. మేడం అది చూసి, "చదవడానికి కూడా పేరు వెయ్యాలా?" అని విసుక్కుంది. విసుక్కుంటూనే ఆ పేజీ తెరిచే ఉంచి, వచ్చిన పొరుగింటావిడకి చూపించింది.

అనుకున్నంత గొడవ ఏమీ జరగలేదు. ఒకరిద్దరు ఆ మాట వాడకుండా ఉండాల్సిందని ఉత్తరాలు రాశారు. నగ్మా వాళ్లకి ఓపిగ్గా జవాబులిచ్చింది. గుంటూరు నుంచి ఒక సాయిబుగారు ఫోన్ చేసి, తన తండ్రి బీడీల వ్యాపారం గురించి గంటసేపు చెప్పి, పుస్తకం సంగతి ఎత్తకుండానే పెట్టేశాడు. ఆ ఫోన్ అంటే నగ్మాకి అన్నిటికంటే ఇష్టం.

ఇంట్లో మాత్రం పుస్తకం నెమ్మదిగా సాగింది. మున్నీ బీకి ఉర్దూ చదవడం వచ్చు గాని తెలుగు అక్షరాలు రావు. బాజీ షాపు కట్టేసి వచ్చి, స్నానం చేసి, ఆమె మంచం పక్కన కూర్చుని రోజూ కొంచెం చదివేవాడు. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. తన తండ్రి గొంతు వచ్చే చోట మాత్రం వేలు తీసేసి గడగడా చదివేసేవాడు. మున్నీ బీ మంచి చెయ్యి దిండు మీద పెట్టుకుని వినేది. యూసుఫ్ పోయిన అధ్యాయం అయిన సాయంత్రం బాజీ పుస్తకం మూసి దిండు పక్కన పెట్టాడు.

తర్వాత మున్నీ బీ కూతుర్ని పిలిచింది.

"స్టెల్లమ్మకి ఫోన్ కలుపు."

అక్కడ ఇంకా పొద్దున్నే. ఎస్తేలా ఫోనెత్తింది, నగ్మా స్పీకరు పెట్టింది. మున్నీ బీ ఉర్దూలో చెప్పింది, నగ్మా స్పానిష్‌లో చెప్పింది.

"మీ తాతగారి వెంట చివరిదాకా మేమూ ఉన్నామని చెప్పు. మా వీధి మనిషి పోయినట్టే ఉందని చెప్పు. ఆయన కోసం దువా చేశానని చెప్పు. ఆయన చర్చికి వెళ్లేవాడు కదా, ఏమన్నా అనుకుంటారేమో అడుగు."

అవతలి నుంచి ఎస్తేలా గొంతు వచ్చింది.

"ఏమీ అనుకోడు. మా తాతకి దువా అంటే ఏంటో తెలుసు. వాళ్ల అమ్మ కూడా అరబీలో ఆ మాటే అనేది."

నగ్మా ఆ మాట ఉర్దూలోకి మార్చబోయింది. మున్నీ బీ చెయ్యెత్తి ఆపింది. "దువా" అన్న మాట ఆమెకి ఫోన్లోనే వినపడింది.